గోడ పక్క గడి

చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుందని ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. పాప రెండుసార్లు దగ్గితే చాలు, ఆమె చెయ్యి పాప నుదుటి మీదకు వెళ్లిపోతుంది. అలాంటి పిచ్చుక ఆదివారం మధ్యాహ్నం ఆట బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం గోడ అయిపోతుంది.

తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. గోడ అంటే అందులో ఆమె పాత్ర. డాలు పట్టుకున్న మొరటు మనిషి. మిగతావాళ్లు తమ పాత్రలకు పేర్లూ పగలూ, తాతముత్తాతల కథలూ అల్లుకున్నారు. పిచ్చుక అవేవీ పెట్టుకోలేదు. ఎప్పుడూ అడ్డంగా నిలబడుతుంది కాబట్టి వాళ్లే గోడ అన్నారు. గడులు గీసిన పటం మీద గోడకు గుర్తు, పాత కోటు నుంచి ఊడిన ఒక నల్ల గుండీ.

ఆ ఆటలో ఒక నియమం అంటే ఆమెకు ప్రాణం. గోడ పక్క గడిలో ఉన్నవాళ్ల మీద దెబ్బ పడబోతే గోడ ముందుకు జరిగి ఆ దెబ్బ తను తీసుకోవచ్చు. పుస్తకంలో అచ్చువేసి ఉంది, ఎవరూ కాదనడానికి లేదు. ఇంట్లో అలా రాసిపెట్టి ఉన్నది ఏముంది? పాపకు ఒళ్లు వెచ్చబడితే డాక్టరు చూద్దాం అంటాడు, పక్కింటావిడ పళ్లొస్తున్నాయేమో అంటుంది, గుండె గుప్పిట్లో పట్టుకుని కూర్చోవలసింది మాత్రం పిచ్చుకే. ఇక్కడ పక్క గడి అంటే పక్క గడే.

ఆడేది ఆమె పనిచేసే లాండ్రీ వెనక గదిలో. ఇస్త్రీ బల్ల మీద దుప్పటి పరిచి పటం వేస్తారు. బల్ల చుట్టూ ఉన్నవి నాలుగే కుర్చీలు. ఒకటి ఆడపడుచుది, ఆవిడ పాత్ర వైద్యురాలు. ఒకటి మందుల షాపాయనది, ఆయనది మంత్రగాడు. ఆట నడిపేది మరిది. ఉతికిన కర్టెన్ల కుప్ప మీద పాప నిద్రపోతుంటే, పాచికలు కింద పడితే లేచాక ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందోనని పిచ్చుక వాటిని మూత ఉన్న డబ్బాలో తనే దాస్తుంది.

మరిదికి ఈ మధ్య నాటకాల పిచ్చి పట్టింది. ఆ వారం వస్తూనే కొత్త చట్టం తెచ్చాడు. ఇకమీదట 'నా పాత్ర ఇలా అంటుంది' అని చెప్పడం కుదరదట. పాత్ర గొంతుతో మాట్లాడాలట, మాట్లాడనివాళ్ల చేతికి పాచిక రాదట. నాటకం స్నేహితుడొకడు కుర్చీ కోసం ఎదురుచూస్తున్నాడని కూడా చెవిన వేశాడు. ఎవరి కుర్చీయో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

మందుల షాపాయన మంత్రగాడి గొంతంటూ ఒక కీచుగొంతు తీశాడు. అందరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. పిచ్చుకా నవ్వింది. అక్కడిదాకా బాగానే ఉంది.

కథలో మందుల బండి వంతెన దాటాలి. వంతెన మీద కావలివాడు. వాణ్ని ఒప్పించే వంతు గోడది. మరిది కుర్చీలోంచి లేచి, ఛాతీ విరిచి, కావలివాడి కంచుగొంతుతో ఎవరు నువ్వని గద్దించాడు.

"గోడ వాణ్ని ఒప్పించడానికి చూస్తుంది," అంది పిచ్చుక. "ఒప్పించడంలో నాకు మూడు పాయింట్లున్నాయి. పాచికతో కలిపి పదిహేను దాటాలి, అంతేగా?"

"అలా కాదు వదినా. ఏమని ఒప్పిస్తావో అది చెప్పు. నేను కావలివాణ్ని."

"చెప్పను."

ఊరుకుంటే పోయేదేగా అని పిచ్చుక లోపల ఒక గొంతు గొణిగింది. ఆ గొంతు మాట వినీ వినీ ఆమెకు విసుగొచ్చింది.

"పోయిన వారం ఆటలో మీ అక్క గొడ్డలి విసిరింది. లేచి నిజంగా విసరమన్నావా?" అంది. "గొడ్డలికి పాచిక చాలినప్పుడు మాటకెందుకు చాలదు?"

ఆడపడుచు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరిది మొహం గంటు పెట్టుకున్నాడు. నటించడం రానివాళ్లకు ఈ ఆటెందుకు, ఇంట్లో కూర్చుని కూడికలు తీసివేతలు చేసుకోవచ్చుగా అన్నాడు.

"రాకేం?" అంది పిచ్చుక. ఒక్కసారిగా ఆమె మొహం మీదకు చిరునవ్వొచ్చింది, గొంతు తేనెలో ముంచినట్టయింది. "అయ్యో సార్, మీ చొక్కా గుండీ మా దగ్గరే ఊడిందండీ, తప్పు మాదేనండీ, కూర్చోండి సార్." అంతే వేగంగా ఆ నవ్వు పోయింది. "విన్నావా? వారమంతా కౌంటర్లో ఇదే. ఇంటికెళ్తే మీ అమ్మ ముందు ఇంకో గొంతు, పాప బెదిరిపోకుండా పాప ముందు ఇంకోటి. ఇక్కడొక్కచోటే నేను ఎవరిలా మాట్లాడక్కర్లేదు. గడులు లెక్కపెట్టుకుంటా, పాచిక వేస్తా, నాకదే ఆట. నువ్వు ఏ గొంతైనా తియ్యి మరిదీ, వద్దన్నానా? నా పాచిక మాత్రం ఆపకు."

చెప్పి, డబ్బా మూత తీసి, ఇరవై ముఖాల పాచిక తనే తీసుకుని వేసింది.

నాలుగు పడింది. మూడు కలిపితే ఏడు.

"చూశావా," అన్నాడు మరిది, ప్రాణం లేచొచ్చినట్టు. "రెండు ముక్కలు మాట్లాడి ఉంటే వంతెన దాటేసేదానివి."

"దాటను. ఓడిపోయాను. పాచిక చేతిలో ఓడితే నాకేం చిన్నతనం?"

కావలివాడు ఈటె ఎత్తాడు, ఆడపడుచు వైద్యురాలి మీదకు. మరిది పాచిక వేశాడు, పెద్ద సంఖ్యే పడింది. ఈటె గట్టిగా తగులుతుందన్నమాట.

"అక్క ఏ గడి?" అంది పిచ్చుక.

"నీ పక్కదే."

నల్ల గుండీ ఒక గడి ముందుకు జరిగింది. డాలు విరిగింది. గోడ ప్రాణాలు తొమ్మిది నుంచి ఒకటికి పడిపోయాయి. ఆ ఒక్కటి పట్టుకుని పిచ్చుక మళ్లీ పాచిక అందుకుంది. మందుల షాపాయన కీచుగొంతు మరిచిపోయి, ఎడమవైపు నుంచి కొడితే పాచికకు ఇంకో రెండు కలుస్తాయమ్మా అన్నాడు. ఆడపడుచు కాదు వెనక నుంచి అంది. మరిది కూడా కంచుగొంతు ఎక్కడో పారేసుకుని, వంగి గడులు లెక్కపెట్టసాగాడు. పాప లేచేసరికి బండి ఇంకా వంతెన మధ్యలోనే ఉంది.

మరిది పటం మడవబోయాడు. పిచ్చుక ఒక చేత్తో పాపను ఎత్తుకుని, రెండో చేతి వేలు గుండీ మీద పెట్టింది.

"ఇది తియ్యకు. పటం ఇలాగే మూలన పెట్టు. వచ్చే వారం ఇక్కణ్నించే."

"మరి నా స్నేహితుడు?" అన్నాడు మరిది, కాస్త మెత్తగా.

"రమ్మను. కుర్చీ కూడా తెచ్చుకోమను," అంది పిచ్చుక, వేలు తియ్యకుండానే.