సోమలింగాచారి చెవి

వానలు వెలిసి కడిగిన పళ్లెమువలె నిర్మలమైన ఆకాశమునందు తెల్లమబ్బులు తీరికగా విహరించుచుండ ఉప్పుటేటి గట్టున విరియబూచిన రెల్లుదుబ్బులు మందమారుతమునకు తలలూచుచుండ కాకినాడ నగరపు వీథులయందు దసరా పందిళ్లకు కట్టిన మామిడితోరణముల పచ్చివాసన సముద్రపు ఉప్పుగాలితో కలిసి వ్యాపించుచుండ ఆశ్వయుజ శుద్ధాష్టమీ సాయంకాలము మెల్లమెల్లగా అవతరించుచుండెను. జగమంతయు నిట్లు ప్రసన్నమై యుండగా జగన్నాథపురపు వంతెన చెంతనున్న యొక మోటారు కార్ఖానాలో మాత్రము ఒక మనుష్యుని గుండె దడదడ కొట్టుకొనుచుండెను.

ఆతడు సోమలింగాచారి. ఆతని యెదుట నున్నది రక్తవర్ణశోభితమును దీర్ఘముఖమును భూతలస్పర్శియు నగు ఇటలీ దేశపు పందెపు కారు. అట్టివి లోకమున వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలియున్నవని తెలిసినవారు చెప్పుదురు. దాని యజమానులగు దాట్ల విజయగోపాలరాజుగారు నవయౌవనమున దాని నెక్కి పాడుపడిన విమానాల బాటపై గాలితో పందెము వేసిరి. పెండ్లియైన పిదప పెద్దల పోరు పడలేక దానిని ధాన్యపుకొట్టున ఊకక్రింద పాతిపెట్టిరి. ఎలుకలు దాని సీట్లయందు తరతరములుగా సంసారములు చేసినవి. డెబ్బదియేండ్లు దాటిన వయస్సున రాజుగారికి మరల ఆ చక్రము పట్టవలెనను కోరిక పుట్టెను. మహానగరములందలి కార్ఖానాలవారు మిలమిలలాడు కొలతయంత్రములు చూపి పిలిచినను పోక “నాకు ఆచారి చెవి చాలును” అని దాని నిచటికి తెప్పించిరి.

ఆ చెవి అంతటిదే. నడచుచున్న ఇంజను చెంత ఒక్కక్షణము నిలిచి ఏ మూల నే మర వదులైనదో చెప్పుట సోమలింగాచారికి వెన్నతో పెట్టిన విద్య. బోల్టు బిగించి చిన్నసుత్తితో తట్టి దాని మ్రోత విని తృప్తి నొందుటయే కాని కొలతసాధనముల మొగము చూచుట ఆతని కవమానము. కాని జీవితమంతయు ఇంజనులతో కాపురము చేసిన ఫలముగా ఆ ప్రసిద్ధకర్ణము కొన్నియేండ్లనుండి మందగించుచు వచ్చి ఇప్పుడు మూతపడినంత పనియైనది. ఎదుటివారి పెదవుల కదలిక చూచి మాటలు గ్రహించుచు ఆతడు రోజులు నెట్టుకొని వచ్చుచుండెను. ఈ సంగతి లోకమునకు తెలియదు. ఇల్లాలికిని తెలియదని ఆతని దృఢవిశ్వాసము. భర్తలనేకు లిట్టి విశ్వాసముతోనే సుఖముగా బ్రతుకుచుందురు.

విజయదశమినాడు రాజుగారు కారు తామే నడపుకొని సముద్రపు బాటవెంట జమ్మిపూజకు పోవ నిశ్చయించిరి. ఇంజను లోపల నేదైన దోషము మిగిలియున్నయెడల అంతటి వేగమున అది బ్రద్దలగుట నిశ్చయము. అట్టి ఇంజను మరల దొరకదు. ఆ వయస్సున రాజుగారు దక్కుటయు సందేహమే. తాను కూర్చిన ఇంజను బాగున్నదో లేదో ఆచారికే తెలియదు.

అష్టమి సాయంకాలమున ఆతడు తాళము త్రిప్పగా కారు చిరనిద్రనుండి మేల్కొనెను. అఱచేతికి అదురు తెలిసెను. చెవికి మాత్రము ఎక్కడిదో దూరపు హోరు తప్ప మఱేమియు చేరలేదు. అంతలో ప్రక్కనే యున్న తమ యింట పిల్లలకు ఫిడేలు పాఠము చెప్పుచున్న ఆతని భార్య అఖిలాండమ్మ చేతిలోని కమానుతోనే ద్వారమున వచ్చి నిలిచెను.

“ఏమండీ! ఆ శబ్దమున శ్రుతి చెడినది. లోపలనుండి ఎవరో గోటితో తలుపు తట్టుచున్నట్లు వినవచ్చుచున్నది.”

ఆచారి ఆమె పెదవులు చూచి మాట గ్రహించెను. “పాత ఇంజనునకు ఆ మాత్రము గొణుగుడు సహజము. ఇది నీ ఫిడేలు కాదు” అని కసరెను. ఆమె పాఠమునకు పోయెను.

మఱునాడు మహానవమి. కార్ఖానాలోని పనిముట్లన్నియు స్నానమాడి పసుపు కుంకుమలు దాల్చి ఎఱ్ఱని వస్త్రముపై ఆయుధపూజకు ఆసీనములయ్యెను. పూజలోనుంచిన పనిముట్టును దశమి తెల్లవాఱువఱకు ముట్టరాదని ఆ యింటి ఆచారము.

“పూజకు ముందే ఒక్కమాఱు విప్పి చూడవలసినది. ఇప్పుడైనను అమ్మవారికి దండము పెట్టుకొని చూడరాదా?” అని అఖిలాండమ్మ యడిగెను.

“నేడు పనిముట్టు ముట్టుటయా? ఇంతకాలము నాతో కాపురము చేసి నేర్చినది ఇదియా?” అని ఆచారి కన్నులెఱ్ఱజేసెను. ఆచారధర్మము అంత అనుకూలముగా ఆతనికి మునుపెన్నడును తోడు రాలేదు.

తప్పించుకొనెనే కాని ఆతనికి నిలకడ లేకపోయెను. కాలుగాలిన పిల్లివలె ఇంటికిని కార్ఖానాకును నడుమ తిరుగుచుండెను. పులిహోర నోటికి మన్నువలె తగిలెను. మధ్యాహ్నము భార్య పేరంటమునకు పోవుట చూచి ఆతడిక నిలువలేక కారు చెంతకు పరుగెత్తెను. పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనున కానించి పిడి చెవిని చేర్చుకొని వినుట మోటారుపనివారి పద్ధతి. ఆ స్క్రూడ్రైవరు కుంకుమబొట్టుతో దేవీసన్నిధి నున్నది. ఆచారి నలుదిక్కులు చూచి దొంగవలె వంటింట జొచ్చి అప్పడాల కఱ్ఱను తెచ్చెను. ఇంజను నడపి కఱ్ఱ యొక కొనను దానిపై నుంచి రెండవకొన చెవికి ఆనించెను. నుదుటికి ఆనించెను. పండ్లతో కఱచిపట్టెను. తల అదరెను కాని ఏ తట్టుడును వినబడలేదు. పేరుగాంచిన సోమలింగాచారి అప్పడాల కఱ్ఱ చేతబట్టుకొని తాను కూర్చిన కారు ముందు తానే చెవిటివాడై నిలిచెను.

సాయంకాలము అఖిలాండమ్మ వంటింట ఆ కఱ్ఱను తీసిచూడగా దాని కొనను నల్లని గ్రీజుమరక యుండెను. ఆమె మరకను చూచెను. గోడ కావలనున్న కారును తలచెను. చాలకాలముగా మనస్సున నలుగుచున్న అనుమానము తీఱిపోయెను. కన్నులు చెమర్ప ఆమె కుంకుడురసముతో దానిని తోమి యథాస్థానమున నుంచెను. 

దశమినాడు రాజుగారు పాతకాలపు పందెపు కండ్లద్దాలు నుదుట తగిలించుకొని పెండ్లికొడుకువలె వచ్చిరి. కారులో కూర్చుండి ఇంజనును నడపి దాని గర్జనకు పొంగిపోయి ఆచారివంక తిరిగిరి.

“ఆచారీ! నీ చెవి యేమనుచున్నది?”

ఆచారి గడప వైపు చూచెను. అఖిలాండమ్మ పమిటకొంగును వ్రేళ్లకు బిగియజుట్టుకొని నిలిచియుండెను. పరుల యెదుట భర్తను చిన్నబుచ్చజాలక తల వంచుకొనెను. ఆమె పెదవులు కదలలేదు. చదువుకొనుటకు ఆతనికేమియు లేకపోయెను. బాగున్నదన్న ఒక్కమాట నాలుకచివఱకు వచ్చెను. ఆ మాటతో పరువు దక్కును. అపుడాతడు చక్రముపైనున్న రాజుగారి ముడుతలుపడిన చేతులను చూచెను. అవి దానిని మురిపెముగా నిమురుచుండెను.

ఆచారి లోనికి వంగి తాళము త్రిప్పి ఇంజను నాపివేసెను.

“రాజుగారూ! నా చెవి యేమియు ననుట లేదు. అది అనుట మాని యేండ్లయినది. ఇందులో దోషమున్నదని మా యింటిది మొన్ననే వినెను. నాకు వినబడదని చెప్పుకొనుటకు సిగ్గుపడి ఆమె నోరు మూయించితిని.”

రాజుగారి ముఖము పాలిపోయెను. “అట్లయిన నన్ను చావునకు సాగనంప నుంటివా?”

“అవును” అని ఆచారి తల వంచెను.

 రాజుగారు కారు దిగి “అమ్మా! ఆ శబ్దమెచట?” అని యడిగిరి. మెల్లగా నొక్కక్షణము నడపించి అఖిలాండమ్మ ఇంజను క్రిందిభాగమున ఒకచోట వ్రేలు చూపెను. విప్పిచూడగా అచట లోపలి కమ్మీని పట్టియుంచు నట్టు ఆచారి చేతివ్రేళ్లకే గిరగిర తిరిగెను. సుత్తితో తట్టి తాను తృప్తిపడిన నట్టే అది. రాని మ్రోతను వచ్చినదని నమ్మి బిగింపు చాలించెను. ఆతడా నట్టును గుప్పిట బట్టుకొని నేలపై చదికిలబడెను.

“నీకెప్పుడు తెలిసినది?” అని భార్య నడిగెను.

ఆమె ఆతనికి కనబడునట్లు ఎదుట కూర్చుండి మెల్లగా పలికెను. “అనుమానము చాలనాళ్లది. నిన్న అప్పడాల కఱ్ఱకు గ్రీజంటుట చూచి నిశ్చయమైనది.”

అంత కోపమునందును రాజుగారికి నవ్వాగలేదు. ముహూర్తము మించుచుండగా వారు కాలినడకనే జమ్మిపూజకు పోయిరి. పొద్దుగ్రుంకు వేళకు తిరిగివచ్చి జమ్మియాకులను ముందుగా అఖిలాండమ్మ చేతిలో నుంచిరి.

కార్తికమాసమున ఒకనాటి యుదయమున కారు మరల సిద్ధమయ్యెను. ఈమాఱు ప్రతి నట్టును కొలతసాధనముతో బిగింపబడెను. ఇంజను మేల్కొనగా రాజుగారు “ఆచారీ! నీ చెవి యేమనుచున్నది?” అని ఆ ప్రశ్ననే వేసిరి. ఆచారి కారువంక చూడక భార్యవంక తిరిగెను. ఆమె ముఖమున దేనినో వెదకు చూపుండెను. కొంతసేపటికి ఆమె ఫిడేలు తీగ శ్రుతిలో కలిసినప్పటివలె మెల్లగా కన్నులు మూసికొనెను. అప్పుడు ఆచారి రాజుగారివంక తిరిగి తల యూపెను.