నా బదిలీ ఎవరి తగాదా?

“ఉల్లిపాయలు సన్నగా తరుగు, పోయినసారి సీమోను పక్కకి ఏరిపెట్టాడు” అని చెప్పి మా ఆయన ప్రకాశరావుగారు ముందుగదిలో చాపలు పరిచారు. ఆదివారం మా ఇంట్లో ఆసుపత్రి యూనియన్ మీటింగు. ఆయన కాంపౌండరు, యూనియన్ కార్యదర్శి. నేను అదే ఆసుపత్రిలో ఆయాని, అదే యూనియన్‌లో సభ్యురాలిని. అయినా మీటింగంటే మగవాళ్ళు చాపల మీద, ఆయాలం పొయ్యి దగ్గర. ఎవడు పెట్టాడో ఈ పద్ధతి, వాడి మొహం మండ!

తెల్లారితే నేను ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న వాడరేవు డిస్పెన్సరీలో చేరాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి. పెద్దడాక్టరుగారింట్లో పిండి రుబ్బనన్నాను, అంతే, బదిలీ వచ్చిపడింది. పాలు మానని చంటిదాన్ని ఎవరికి వదిలి వెళ్ళను? రైల్వే సమ్మె అణిగిపోయిన ఏడాది అది, నోరెత్తాలంటే అందరికీ భయమే. అయినా తెనాలి మునసబు కోర్టు మెట్లెక్కాను. “ఇది కార్మిక తగాదా అమ్మా, ఈ కోర్టు వినేది కాదు. మీ యూనియన్ తీర్మానం చేసి లేబరు కోర్టుదాకా నడిపించాలి” అన్నారు జడ్జిగారు. హమ్మయ్య, యూనియన్ మా ఇంట్లోనే ఉందిగా అనుకుంటూ ఇంటికొచ్చాను. ఎంత పిచ్చిదాన్ని!

“సొంత పెళ్ళాం కేసు నెత్తికెత్తుకున్నాడని నలుగురూ నవ్వరూ?” అన్నారు ఆయన. నా తోటి ఆయా సామ్రాజ్యాన్ని బదిలీ చేసినప్పుడు పెద్దడాక్టరు గుమ్మంలో బైఠాయించిన మనిషే! సామ్రాజ్యం ఆయన పెళ్ళాం కాదు మరి, అదృష్టవంతురాలు. అత్తగారి దగ్గర ఏడిస్తే, “ఆఫీసు గొడవలు నాకు చెప్తావేంటే, మీ ఆయన్ని అడుగు” అంది.

ముందుగదిలో యూనిఫారాల సంగతి అయింది, రాత్రి డ్యూటీల సంగతి అయింది. “ఇంకేమన్నా ఉన్నాయా?” అని అడిగాడు అధ్యక్షుడు, వాచ్‌మన్ సీమోను. “లేవు” అన్నారు మా ఆయన. నేను గరిటె పక్కన పెట్టేశాను. “వెళ్ళక్కా, ఉప్మా నేను చూస్తాలే” అంది సామ్రాజ్యం. వెళ్ళి చాప మీద కూర్చున్నాను.

“కాఫీలయ్యాయా?” అన్నారు ఆయన.

“లేదండి. సీమోనన్నా, నా బదిలీ మీద తీర్మానం పెట్టాలి.”

ఆయన మొహం జేవురించింది. “అది ఇంటి విషయం కుసుమా, ఇంట్లో మాట్లాడుకుందాం.”

నేను చాప మీంచి లేవలేదు. “ఇది ఇల్లేగదండీ. నలుగురూ ఉన్నారు, ఇక్కడే మాట్లాడదాం.”

సీమోను ఆయన వైపు, నా వైపు చూసి తల గోక్కున్నాడు. “సరే, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.”

మగవాళ్ళలో ఒకటో రెండో చేతులు లేచాయి. ఇంతలో వంటింట్లోంచి మహబూబ్ బీ వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యెత్తింది. ఆవిడ వెనక సామ్రాజ్యం, ఆ వెనక మిగతా ఆయాలు. గదిలో చాపలు చాల్లేదు. యూనియన్‌లో ఆడవాళ్ళమే ఎక్కువని నాకు అప్పటిదాకా తట్టనేలేదు.

ఆయన కలం పట్టుకుని అలాగే కూర్చున్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ‘ఏమండీ’ తప్ప మరో పిలుపు ఎరగని దాన్ని, గొంతు సవరించుకుని అన్నాను.

“కార్యదర్శిగారూ, రాసుకోండి.”