మంగళవారం సంతకం

ఔట్‌పోస్టు అంటే ఔటయిపోయిన వాళ్ళకిచ్చే పోస్టని పోలీసుల్లో ఒక సామెత. ఆళ్ళగడ్డకు పన్నెండు మైళ్ళ అవతల, నల్లమల కడుపులో, పెద్దబండ ఔట్‌పోస్టు అచ్చంగా అలాంటిదే. పేరుకు ముగ్గురు పోలీసులు పారా కాసేవారు గాని, అక్కడ నిజంగా పారేది ముందరి వాగొక్కటే. వానాకాలం వస్తే అదీ హద్దు మీరి పారి, దారి మూసేసేది.

ముగ్గురిలో పెద్దవాడు హెడ్డు కానిస్టేబులు సుబ్బరాయుడు. తర్వాత నరసింహులు కానిస్టేబులు. మూడోవాడు నంద్యాల మత్తయి. మత్తయి చేతిరాత ముత్యాలు. చేతిరాత బాగున్నవాడికి తలరాత బాగుండదంటారు. మత్తయి విషయంలో చేతిరాత అతనిదే, తలరాత మాత్రం ఇంకొకరిది చెడింది.

స్టేషన్‌లో రోజువారీ పుస్తకం ఒకటుంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, హెడ్డు ఎన్ని గంటలకు గస్తీ తిరిగి వచ్చాడు, అన్నీ ఏ పూటకాపూట రాసి సంతకం పెట్టాలి. పెద్దబండలో మాత్రం రోజువారీ కాస్తా వారంవారీ అయింది. 1978 జులైలో ఒక శనివారం పొద్దున, మత్తయి టపా సంచి తీసుకుని నంద్యాలకు బయలుదేరబోతుంటే, హెడ్డు కేక వేశాడు.

“యాడికప్పా అంత బేగా? మంగళారం దాకా రాసి పెట్టిపో. నేను సంతకాలు గీకేస్తా.”

“ఇంకా జరగందే ఎట్ల రాసేదన్నా?”

“ఈడ జరిగేదేందప్పా? సోమారం పొద్దున నరసింహులు శ్రీశైలం బందోబస్తుకు పోతాడు. నేను సాయంత్రం ఆరుకి గస్తీ నుంచొస్తా. మంగళారమూ అంతే. అడవేమన్నా ఊరొదిలి పోతాదా?”

మత్తయి రాశాడు. హెడ్డు గీకాడు. మూడేళ్ళుగా జరిగే తంతే అది. టపా సంచిలోకి హెడ్డు ఒక సీలు కవరు కూడా వేశాడు. నరసింహులు వెదురు బండ్లను దొంగదారిన వదిలేస్తున్నాడని పై అధికారికి రాసిన రిపోర్టది. ఆ సంగతి నరసింహులుకూ ఎలాగో తెలిసింది. మూతి ముడిచి మూలన కూర్చున్నాడు.

ఆ రాత్రే వాగు పొంగి ముందరి దారి మూసింది. అది తగ్గేసరికి బుధవారమైంది. మత్తయి లోపలికి అడుగుపెడితే హెడ్డు బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. చచ్చి రోజులైంది. పక్కనే రెండు సత్తు పళ్ళేలు, సగం తిన్న సంగటి ఎండిపోయి ఉంది. పళ్ళేల అంచున గీసిన నంబర్లలో ఒకటి హెడ్డుది, ఒకటి నరసింహులుది.

పశువుల కాపరితో ఆళ్ళగడ్డకు కబురంపి, మత్తయి చేసిన పని ఏమిటంటే, ఆ పళ్ళేలు కడిగి బోర్లించాడు. ఎస్సై వస్తున్నాడంటే ఊడ్చి, కడిగి, పుస్తకం బల్ల మీద పెట్టడం పదకొండేళ్ళ అలవాటు. చేతులు కడిగేశాక గాని బుర్ర పనిచెయ్యలేదు.

ఎస్సై వచ్చి ముందు పుస్తకమే చదివాడు. “పద్దు మత్తయి ముందే రాసి పోయినా, సంతకం ఆ పూటే గదా పెట్టేది. మంగళారం ఆరు గంటలకు హెడ్డు సంతకముంది. అంటే సచ్చింది ఆ తర్వాతే.” మత్తయి చెప్పడానికి నోరు తెరిచాడు. ఎస్సై పుస్తకం మూశాడు. రెండూ ఒకేసారి జరిగాయి. పుస్తకం గెలిచింది.

సంతకాలతో సహా ముందే రాశామంటే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో భార్య లూదియా, ముగ్గురు ఆడపిల్లలు. నరసింహులు సోమవారం నుంచి శ్రీశైలంలో వందమంది పోలీసుల మధ్య ఉన్నాడు. కాబట్టి అతనికి ఢోకా లేదు. మంగళవారం పొద్దుగూకే వేళ ఔట్‌పోస్టులోంచి పరిగెత్తుకుపోతూ పశువుల కాపరికి కనబడిన వాడు ఓబులేసు. వెదురు కొట్టుకుని బతికేవాడు, ఔట్‌పోస్టుకు కట్టెలు వేసేవాడు. “నేను పోయేసరికే హెడ్డయ్య సచ్చిపోయి ఉండాడు సామీ” అన్నాడు. గురువారం సాయంత్రం చూసిన డాక్టరు, వాన చెమ్మకు చెడిన శవం, రెండు నుంచి నాలుగు రోజులు అన్నాడు. డాక్టరు తేల్చలేనిది పుస్తకం తేల్చింది. ఓబులేసును జైల్లో వేశారు.

మత్తయి ఆదివారం ఏసు గుడిలో పాట ఎత్తుకోవడం మానేశాడు. గొంతు పోయిందన్నాడు. గొంతేమీ పోలేదు.

పద్నాలుగు నెలలకు నంద్యాల కోర్టులో విచారణ. మత్తయికి సాక్షిగా సమను వచ్చింది. మనస్సాక్షి సమను లేకుండానే వెంట వచ్చింది. కోర్టు బయట ఓబులేసు భార్య మణెమ్మ ఎదురైంది.

“అన్నా, ఆ బుక్కు రాసింది నువ్వేనంట గదా?”

“ఊఁ.”

“మావోడు నిన్న ఏమన్నాడో తెల్సా? మత్తన్న రాసిందైతే బయపడద్దు, ఆయప్ప అబద్దం రాయడు అన్నాడు.”

మత్తయి బోను ఎక్కాడు. ప్రభుత్వ వకీలు పుస్తకం చూపించాడు.

“రాత నీదేనా?”

“నాదే సార్.”

“సంతకం హెడ్డుదే కదా? మంగళవారం సాయంత్రం ఆరు గంటలకు పెట్టింది?”

మణెమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

“కాదు సార్. శనివారం పొద్దున పదికి.”

వకీలు నవ్వబోయి ఆగాడు. మత్తయి ఆగలేదు. “ముందే రాసి పెట్టినాం సార్. మంగళారం దాకా. హెడ్డు, నరసింహులు సంగటి తింటాండంగ జరిగిందది. ఇద్దరి నంబర్లుండే సత్తు తట్టలూ ఆడనే ఉండె. నేనే కడిగేస్తి.”

“పద్నాలుగు నెలలు ఎందుకు నోరు మూసుకున్నావు?” జడ్జిగారి గొంతు లేచింది.

“ఉద్యోగం సార్.”

కేసు తిరగబడింది. నరసింహులును పట్టుకొచ్చి అడిగితే రెండో రోజే ఒప్పుకున్నాడు. సోమవారం పొద్దున, రిపోర్టు మాటెత్తి, తుపాకి మడమతో కొట్టి, వాగు దాటక్కర్లేని వెనక అడవిదారిన అట్నుంచటే బందోబస్తుకు పోయాడు. మత్తయి ఉద్యోగం ఊడింది. ఊడిందని లూదియాకు చెప్పినప్పుడు, చాలా కాలానికి, అన్నం సహించింది.

ఓబులేసును వదిలిన రోజు మత్తయి సబ్‌జైలు ముందుకు పోయి నిలబడ్డాడు. బయటికొచ్చిన మనిషి సగమైపోయాడు. మణెమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది.

“ఓబులేసూ,” అన్నాడు మత్తయి.

ఓబులేసు చంకలోని మూట సర్దుకున్నాడు. “ఉగాదికి మాయమ్మ పాయె మత్తన్నా. ఓబులేసు వచ్చినాడా అని అడుక్కుంటానే పాయెనంట. ఈ మాట నువ్వు నిరుడే చెప్పింటే, నా చేత్తో మన్నేసుందు.”

“తిట్టబ్బీ. నాలుగు తిట్టు.”

“ఏం తిట్టేది? నువ్వు చెప్పబట్టే గదా బయటపడితి.” అని తల తిప్పుకున్నాడు. ఆ మాట తిట్టయినా బాగుండేది.

ఆళ్ళగడ్డ బస్సు వచ్చింది. మొగుడూ పెళ్ళాం ఎక్కారు. కండక్టరు మత్తయి వైపు చూసి, “ఏమప్పా, వస్తాండావా? సీట్లు ఖాళీగుండాయి” అని అరిచాడు.

పోలీసు బట్టలూ సామానూ స్టేషన్‌లో అప్పజెప్పడానికి మత్తయి పోవలసిందీ ఆళ్ళగడ్డకే. తల అడ్డంగా ఊపాడు.