స్పీకర్లు లేని సౌండు సిస్టమ్

ముందు గదిలో పిల్లలకు డాన్సు నేర్పి సగం ఇల్లు నడిపేది ఆమె. మరిది పేరెత్తితే చాలు, ఆమెకు ఒళ్లు మండేది. ఎవరింట్లో పాట వినిపించినా అతగాడు కళ్లు మూసుకుని, "బేస్ ముద్దగా ఉంది" అని తీర్పు చెప్పేవాడు. మనసులో అతనికి చెవుల సారు అని పేరు పెట్టుకుంది.

క్లాసు మధ్యలో పాత స్పీకరు గరగరమని నోరు మూసింది. వెనక వరుస పిల్లలు తాళం అందక ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్నారు. ఇద్దరు తల్లులు అప్పుడే పక్కవీధి క్లాసు చూసొచ్చారట. సోమవారానికి గదంతా పాట వినిపించకపోతే పిల్లలంతా అటే పోతారు. దాచుకున్న ఫీజుల డబ్బు బయటికి తీసిందామె.

"తమ్ముణ్ణి అడుగుదాం, వాడికన్నీ తెలుసు" అన్నాడు భర్త.

చెవుల సారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "కిటుకంతా డబ్బు పంచడంలోనే ఉంది వదినా. యాంప్లిఫయరు గుండెకాయ, సగం దానికి. ప్లేయరుకి పావు. మిగిలింది మంచి వైర్లకి."

"మరి పాట దేన్లోంచి వస్తుంది నాయనా?"

"స్పీకర్లు తర్వాత చూద్దాం. చవక స్పీకర్లు తగిలించి అంత మంచి యాంపు పరువు తీయలేను."

"అందాకా పిల్లలు దాని పరువు చూసి గంతులేస్తారా?"

"మీకు తెలీదులెండి."

ఆమె వద్దంటున్నా వినకుండా భర్త డబ్బంతా తీసుకెళ్లి తమ్ముడి చేతిలో పోశాడు.

శనివారం సాయంత్రానికి సరుకు దిగింది. బొటనవేలంత లావు వైర్లు గోడ వెంట పాకాయి. యాంప్లిఫయరు మీద నీలం దీపం వెలిగింది. గదిలో చప్పుడు లేదు. అలవాటు కొద్దీ చెవుల సారు కళ్లు మూసుకున్నాడు! అది చూశాక ఆమెకు కోపం కూడా రాలేదు. ఇలాంటివాడితో ఇన్నాళ్లూ వాదించినందుకు తనకే సిగ్గేసింది.

"పొద్దున్నే షాపుకెళ్దాం. పెట్టెలు మీరే మొయ్యాలి" అంది భర్తతో. ఆయన వంగి వైర్లు ఊడదీయడం మొదలుపెట్టాడు.

షాపాయన మంచివాడే. ఆ యాంపూ ప్లేయరూ వెనక్కి తీసుకుని, ఒక మామూలు యాంపూ రెండు పెద్ద స్పీకర్లూ ఇచ్చాడు. పాటలకు ఇంట్లో ఫోను ఉండనే ఉంది. "వైర్లు మాత్రం తీసుకోలేనమ్మా. మీ గది కొలతకి కోసేశాం కదా" అన్నాడు.

సోమవారం పాట గది దాటి మెట్లదాకా వినిపించింది. వెనక వరుస అడుగులన్నీ ఒక్కసారే పడ్డాయి. గుమ్మంలో నిలబడ్డ తల్లులిద్దరూ చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నారు.

క్లాసయ్యేసరికి చెవుల సారు వచ్చి కళ్లు మూసుకున్నాడు. "ముద్దగా ఉంది వదినా. నా వైర్లు వాడట్లేదా?"

"వాడకేం నాయనా, వెనక వరండాలోకెళ్లి చూడు."

అక్కడ ఈ గోడ నుంచి ఆ గోడకు అతని వైర్లు బిగించి ఉన్నాయి. వాటి మీద ఇంట్లోవాళ్ల తడి బట్టలు ఆరుతున్నాయి.

"తడి దుప్పటి వేసినా సాగలేదు, మంచి సరుకే" అంది వదిన.