ఎడమవైపు మూడో కాలు

నేలలో బొరియ తవ్వుకుని, దానికి మట్టితో మూత తలుపు బిగించుకునే సాలీళ్లలో ఒక ప్రజాతికి, అంటే దగ్గరి జాతులన్నిటినీ కలిపే గుంపుకి, నా పేరే. నేను పుట్టిన ఏడాదే నాన్న పెట్టాడు. ఆ ప్రజాతిలో ఉన్నది ఒకే జాతి, ఆ జాతిలో దొరికింది ఒకే సాలీడు. బళ్లో "సాలీడూ" అని ఏడిపిస్తే, మీ పేరు ఏ పుస్తకంలో ఉందో చూపించండని తగువు పెట్టుకునేదాన్ని. ఆ గర్వంతోనే నాన్న పనిచేసిన మ్యూజియంలో, ఆయన బల్ల దగ్గరే చేరాను.

ఈమధ్య ఆ ఒక్క సాలీడునీ దాచిన సీసా తెరిచాను. సాలీడుకి ఏడు కాళ్లు, పక్కన చిన్న గొట్టంలో ఊడిన కాలొకటి. మొత్తం ఎనిమిది. లెక్క సరిపోయింది కాబట్టే ఇన్నేళ్లూ ఎవరూ మళ్లీ చూడలేదు. నా ఖర్మ కొద్దీ నేను చూశాను. ఒంటి నుంచి ఊడింది కుడివైపు మూడో కాలు. గొట్టంలో ఉన్నది ఎడమది.

దీని దగ్గరి చుట్టాలకి మూడో కాలి మీద చిన్న పల్లం ఉంటుంది. తన సాలీడుకి అది లేదనే నాన్న కొత్త ప్రజాతి కట్టాడు. బొమ్మ గీసింది గొట్టంలో కాలు చూసి. ఒంటికున్న ఎడమ కాలు పొట్ట కిందికి ముడుచుకుపోయింది. లాగితే విరుగుతుందని ముట్టుకోలేదు. నేను పక్కకి తిప్పి, కింది నుంచి లైటు వేశాను. పల్లం ఉంది. అంటే ఇది పాత ప్రజాతిలోదే. నా పేరు కొట్టేయాలి.

రెండు వారాలు నోరు మెదపలేదు. నాన్న జీవితంలో చెప్పుకునే పని అదొక్కటే. చివరికి నా వల్ల కాక, ఆయన్ని తీసుకొచ్చి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాను.

చాలాసేపు చూశాడు.

"ఆ రోజు బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. రెండిట్లోనూ ఊడిన కాళ్లే. మీ అమ్మకి నొప్పులని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. చేతికందింది గొట్టంలో వేసి పరిగెత్తాను."

"ఈ సంగతి పత్రికలో రాయకుండా వదిలేయనా నాన్నా?"

"వదిలేస్తే నీకు నేనేం నేర్పినట్టు? రాయి."

నాకు ఏడుపొచ్చింది. ఆయన పట్టించుకోకుండా ఆ కాలిని వేరే గొట్టంలో వేసి, చీటీ రాశాడు: "ఎడమ మూడో కాలు. ఏ సాలీడుదో తెలియదు. పొరపాటు నాది."

కింద, పొరపాటు జరిగిన తేదీ వేశాడు. నేను పుట్టిన రోజది.