ఆయన లేవలేదు

గుడియాత్తంలో పచ్చయమ్మ నోట పడి ఇంటింటికీ తిరిగిన మాట ఇదట: "మునుస్వామి మూడు దినాలుగా తెల్లారి లేవడం లేదమ్మా. ఒళ్ళంతా చల్లబడిపోయి ఉండాది. ఇద్దురు మగోళ్ళు పట్టి ఊపితే రెండు దగ్గులు దగ్గి మళ్ళా ఊరకైపోయినాడంట. వేన్నీళ్ళు పోసినారు, కంబళి కప్పినారు. ఇంక కింద నిప్పు పెట్టి చూసేదొకటే మిగిలిందని ఆయన పెండ్లామే చెప్పె."

నెత్తిమీది పెరుగుకుండ దించకముందే పచ్చయమ్మ ఈ మాట దించేసింది. విన్నవాళ్ళు పెరుగు పోయించుకోవడం మరిచిపోయారు.

పాపం, అందులో పచ్చయమ్మ సొంతంగా కలిపింది ఒక్క ముక్కా లేదు. ఆ తెల్లవారుజామున ఆమె పక్క పల్లెనుంచి గుడియాత్తానికి పెరుగెత్తుకుని బయలుదేరుతుంటే, ఆ పల్లెలోనే ఉండే మునుస్వామి పెళ్ళాం భారతమ్మ ఆమెతో చెప్పిన మాటలే అవి. కాకపోతే భారతమ్మ చెప్పింది మొగుడి సంగతి కాదు, మోటారు సంగతి.

ఆ మోటారును మునుస్వామి వేలూరులో ఒక దొర దగ్గర కొన్నాడు. నలుగురు కూర్చునే కారు అది. గుడియాత్తం మేస్త్రీ యోసేపు చేత వెనక సగం కోయించి, పలకలతో తొట్టి కట్టించాడు. తోటలో కోసిన తమలపాకు కట్టలు తొట్టికెత్తుకుని పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదరకముందే వేలూరు మండీలో దించేయవచ్చు. అంతకుముందు ఆ ఆకు మోసినవి అతని అక్క మొగుడు గోవిందరాజు ఎద్దుబండ్లు. అవి రాత్రంతా నడిచేవి. ఆకు అడుగున నలిగితే గోవిందరాజు ఏనాడూ తప్పు ఒప్పుకునేవాడు కాడు, బావ గనక మునుస్వామి ఏనాడూ గట్టిగా అడిగేవాడు కాడు.

మోటారు కొన్న సంబరంలో ముందు పలక మీద తన పేరు రాయించుకున్నాడు మునుస్వామి. ఆ పక్క తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదివేవాళ్ళు తక్కువ, అందుకని అరవ అక్షరాల్లో రాయించాడు. ఇంట్లో అందరికీ ఒక కట్టడి కూడా చేశాడు. "మోటారు మోటారు అని ఊరికంతా వినపడేట్టు అరవబాకండి, దిష్టి తగులుతాది. పేరు ఉండాది గదా, పేరు పెట్టి పిలవండి."

భారతమ్మ మొగుడి పేరు పుట్టి బుద్ధెరిగాక నోట పలికింది లేదు. పేరు పెట్టి పిలవలేదు. మోటారు అనకూడదు. ఇక మిగిలింది 'ఆయన'. పెళ్ళయిన నాటినుంచీ అలవాటైన మాట గనక ఆమెకు నోరు తిరగని బాధ కూడా లేదు. "ఆయనకు నీళ్ళయినాయా?" అని ఆమె అడిగితే, స్నానానికి లేవాలో రేడియేటరు మూత తీసి చూడాలో తెలియక మునుస్వామే ఒక క్షణం తడుముకునేవాడు.

కార్తీకం దాటేదాకా ఆయనలు ఇద్దరూ బాగానే నడిచారు. మార్గళి నెల మంచు మొదలయ్యేసరికి ఇద్దరూ పొద్దున్నే లేవడం మానేశారు. ఒకాయన కంబళి లాగేస్తే లేచేవాడు. రెండో ఆయన కంబళి కప్పినా లేవలేదు.

ఆకు తొట్టిలోనే వాడిపోయింది, నిన్నా మొన్నా. మండీలో ఆకు కొనే కృష్ణన్ కబురు పంపాడు. ఈరోజు మిట్టమధ్యాహ్నం లోపల ఆకు దిగకపోతే రేపటినుంచి మళ్ళీ గోవిందరాజు బండ్లకే చెప్పేస్తానన్నాడు. ఆకు బండ్లకు పోయిందంటే మోటారు అమ్ముకోవాల్సిందే. అమ్ముకుంటే మొగుడు ఇక జన్మలో బావ ముందు నోరెత్తడని భారతమ్మకు తెలుసు.

అందుకే చీకటితో పచ్చయమ్మను ఆపి, "యోసేపును ఉన్నపళాన రమ్మని చెప్పమ్మా, ఆయన ఇయ్యాల గూడా లేవలేదు" అని మొదలుపెట్టి అంతా చెప్పింది. నిక్కరు తొడుక్కుని, తోలు సంచి పట్టుకుని, మాటిమాటికీ చేతులు తుడుచుకునే యోసేపును పచ్చయమ్మ మొదటినుంచీ ఆసుపత్రి మనిషే అనుకుంటోంది. ఆ యోసేపు క్రిస్మస్ పాటలకని వేలూరు పోయి ఉన్నాడు. యోసేపు పక్క ఇల్లే సుబ్బమ్మది. మునుస్వామి అక్క. ఇంకేం కావాలి.

ఇక్కడ వాకిట్లో మునుస్వామి మోటారు మూతి దగ్గర హ్యాండిలు తిప్పి తిప్పి చెమటలు కక్కుతున్నాడు. ఊళ్ళో చెమట పట్టిన మనిషి ఆ పొద్దు అతనొక్కడే.

"స్టీరింగు కింద ఎడమ పుల్ల పైకి తోసినారా?" అని అడిగింది భారతమ్మ.

"తోసినా." మొన్న తోయడం మరిచిపోతే హ్యాండిలు ఎదురు తన్ని మణికట్టు వాచింది.

"తీగె లాగినారా?"

"లాగినా, పెట్రోలు ఇంకొంచెం దిగనీ అని. నీకెవురు నేర్పించిరి ఇదంతా?"

"మూడు దినాలుగా ఆయన ముందర నిలబడి మీరు పాఠం అప్పజెప్తా ఉంటే వింటా ఉండాను గదా."

మునుస్వామి ప్లగ్గులు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "పెనం మీద వెచ్చజేసి తే."

"నిన్న చేసింది చాలదా? దోశలన్నీ పెట్రోలు వాసనొచ్చె. పిల్లోళ్ళు తినకుండా లేచిపోయిరి. మీరొక్కరే ఇంకోటెయ్యమంటిరి."

అంటూనే వెచ్చజేసి తెచ్చింది. బిగించి తిప్పాడు. దగ్గింది, ఆగింది. వాకిట్లో మూడు రాళ్ళమీద అండాలో మరుగుతున్న నీళ్ళు రేడియేటరులో పోశాడు. మళ్ళీ దగ్గింది. ఈసారి వెనకనుంచి కొంచెం పొగ కూడా వదిలింది. అంతే.

భారతమ్మ గూట్లోంచి కొబ్బరినూనె బుడ్డి తెచ్చి అతని ముందు తలకిందులు చేసింది. చుక్క జారలేదు. లోపల తెల్లగా గడ్డకట్టి ఉంది.

"దీన్ని నేను పట్టుకొని గిరగిరా తిప్పతానా? ఎండలో పెడతాను. ఆయన కడుపులో ఉండేది గూడా నూనే గదా."

"ఎండొచ్చేదాకా కృష్ణన్ కాచుకోనుంటాడా?"

"అయితే కుంపటి పెడదాం. బీడీ మాత్రం ఇట్లిచ్చి దూరండి."

పెట్రోలు గొట్టం తిరుపు మూశారు. వేడి చెదరకుండా ముందు భాగమంతా కంబళి కప్పి, అంచులు నేలదాకా వదిలారు. మంట లేకుండా బొగ్గులు కణకణమంటున్న కుంపటిని నూనె ఉండే అడుగు కిందికి జరపడానికి మునుస్వామి వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం కంబళి అంచు కిందనుంచి బయటికి మిగిలాయి.

అప్పుడే వీధి మలుపులో ఎద్దుబండి నిలిచింది.

జుట్టు విరబోసుకుని సుబ్బమ్మ, తలగుడ్డ చేతిలో పట్టుకుని గోవిందరాజు, వెనక మరో అయిదారుగురు మగవాళ్ళు దిగారు. వాళ్ళకు కనిపించింది ఇది: వాకిట్లో నిప్పు. నిప్పుమీద పెద్ద అండాలో నీళ్ళు. పొడుగ్గా కప్పిన కంబళి. కంబళి కింద బొటనవేళ్ళు పైకి పెట్టుకున్న రెండు కాళ్ళు.

"ఒగ మాట చెప్పకుండా పోతివా నాయనా" అని సుబ్బమ్మ పరుగెత్తుకొచ్చి ఆ కాళ్ళమీద పడింది.

కాళ్ళు తన్నుకున్నాయి. "అక్కా, కాలిడువు, కుంపటి దొర్లతాది" అంది కిందనుంచి గొంతు.

సుబ్బమ్మ నోరు తెరిచిన చోటే ఆగిపోయింది. గోవిందరాజు వంగి కంబళి అంచు ఎత్తి చూశాడు.

"ఏమ్రా, ఉండావా?"

"ఉండాను బావా."

"ఉండేవాడివి ఆ మాట చెప్పి పంపేదానికేమి?"

సుబ్బమ్మకు ఏడుపు దిగి కోపం ఎక్కింది. "ఏమే భారతీ, యాడనుంచి యాడికి ఏడ్చుకుంటా వచ్చినాను. దోవలో ఇద్దురు తెలిసినోళ్ళు నాకంటే గట్టిగా ఏడ్చి పోయినారు. వాళ్ళకేం చెప్పేది?"

"నేను ఆయన లేవలేదంటిని వదినా. లేవలేదు గదా, నువ్వే చూడు" అంది భారతమ్మ.

అంటూనే ఆమె వచ్చిన మగవాళ్ళ భుజాల వైపు చూసింది. వాకిలినుంచి రోడ్డుదాకా పల్లం. కుంపటి పెట్టి ఇంతసేపయింది, లోపల నూనె కొంతైనా కరిగి ఉంటుంది.

"అన్నా," అంది గోవిందరాజుతో, "పాపం మోసేదానికని అందురూ పనులు మానుకొని వచ్చినారు. ఒట్టి భుజాలతో పంపితే మాకు బాగుండదు. మోసే పన్లేదు, తోస్తే చాలు."

గోవిందరాజు తొట్టిలోని ఆకు కట్టల వైపు చూశాడు. ఈ బండి లేవకపోతే ఆ కట్టలు రేపటినుంచి ఎవరివో అతనికీ తెలుసు. కానీ కళ్ళు తుడుచుకుంటూ వచ్చిన బంధువులంతా అతని ముఖమే చూస్తున్నారు. పంచె ఎగ్గట్టాడు.

"చచ్చినోడికి భుజమిస్తామని వస్తే బతికినోడికి ఈపు ఇయ్యాల్సొచ్చెనే. దాండ్రా."

కుంపటి తీశారు, కంబళి లాగేశారు. మునుస్వామి తిరుపు తిప్పి ఎక్కి కూర్చున్నాడు. మోటారు పల్లంలో మెల్లగా కదిలి, దొర్లి, ఒకసారి దగ్గి, రెండోసారి దగ్గి, మూడోసారి దగ్గబోయి మనసు మార్చుకున్నట్టు గర్జించింది. ఉన్న పొగంతా గోవిందరాజు ముఖాన వదిలి రోడ్డెక్కింది. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని మునుస్వామి వెనక్కి తిరిగి కూడా చూడలేదు. వేలూరు వైపు పోయాడు.

ఏడ్చిన ఏడుపు ఊరికే పోనీయకూడదని సుబ్బమ్మ అండాలో మిగిలిన వేన్నీళ్ళు తలకు పోసుకుంది. భారతమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. వచ్చినవాళ్ళందరికీ వండాలి కదా.

పొద్దు వాలుతుండగా మునుస్వామి తిరిగొచ్చాడు. ఆకు వేళకు దిగింది, కృష్ణన్ మాట మార్చుకున్నాడు. అందరూ వరసగా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. గోవిందరాజు ముక్కు పక్కన ఇంకా మసి ఉంది. ఎవరూ చెప్పలేదు.

"అంతా ఆ పేరుతో వచ్చిన తంటా. పేరు మార్చు" అన్నాడు గోవిందరాజు, ముద్ద కలుపుతూ.

"దేవుడి పేరు రాయిస్తే?" అన్నాడు మునుస్వామి.

"వద్దప్పా. తెల్లారి దేవుడు లేవలేదని ఊరంతా చెప్పుకోవాల్నా?" అంది సుబ్బమ్మ.

"పోనీ, అక్క పేరు?"

"ఇంట్లో ఉండేది చాలదా, రోడ్డుమీద గూడా అరవాల్నా?" అన్నాడు గోవిందరాజు. సుబ్బమ్మ తప్ప అందరూ నవ్వారు.

"మరేం పేరు రాయించేది?"

చారు వడ్డిస్తున్న భారతమ్మ గరిటె ఆపింది. ఆమె ఇంకా తినలేదు.

"నా పేరు రాయించండి. అదైతే ఎంత చలైనా మీ అందురికంటే ముందు లేస్తాది."