మెత్తని కాయిల్

షెడ్డులో అందరూ ఆయన్ని మిల్లీమీటరు అనేవారు. ఎదుటపడినప్పుడు "మిల్లీమీటరుగారూ" అని ఒక 'గారు' తగిలించేవారు, అంతే తేడా. హాజరు పట్టీలో అసలు పేరు చూసి "ఈయనెవరు, కొత్తగా చేరాడా?" అని అడిగిన గుమాస్తా కూడా ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే మిషను మీద నిలబడ్డ మనిషిని పట్టుకుని!

ఆ మిషను పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఉక్కు మిల్లు నుంచి రేకు పెద్ద చుట్టలుగా వస్తుంది. కాయిల్ అంటారు. ఒక్కొక్కటి పది పన్నెండు టన్నులు, మనిషి ఎత్తు. చిన్న కంపెనీలకు అంత పెద్దది పెట్టుకునే చోటూ ఉండదు, కోసుకునే సాధనమూ ఉండదు. ఒకడికి జాకీలు చేయడానికి జానెడు వెడల్పు పట్టీ కావాలి. ఇంకొకడికి గోదాముల్లో పెట్టే ఇనప ర్యాకులకు మూరెడు వెడల్పుది కావాలి. ఎవరికి కావలసిన కొలతకు వాళ్ళకు నిలువుగా కోసి, చుట్టి, బద్దీలు బిగించి లారీ ఎక్కించడమే ఆ షెడ్డు వ్యాపారం. కోసేది మిల్లీమీటరు. ఆయన కోసిన పట్టీ అంచు మీద పసిపిల్లల చెయ్యి పెట్టినా గీరుకోదని చెప్పుకునేవారు.

ఆయన ఒక్కగానొక్క కూతురి భర్త ఆ జాకీల కంపెనీలోనే ఉద్యోగం చేస్తున్నాడు. బయటి నుంచి వచ్చిన సరుకును పరీక్షించి, "బాగుంది" అని సంతకం పెట్టడం అతని పని. మామ పంపిన పట్టీకి అల్లుడు సంతకం. షెడ్డులో దీని మీద జోకులకు కొదవ లేదు. "పిల్లనిచ్చిన వాడి సరుకు తిప్పి పంపే మగాడు ఇంకా పుట్టలేదులే" అనేవాడు క్రేను నడిపేవాడు, అందరూ కొక్కెం అని పిలిచేవాడు. మిల్లీమీటరు నవ్వేవాడు కాదు. "నా సరుకు తిప్పి పంపాల్సిన అవసరం రాదు" అనేవాడు. అది గర్వం కాదు, నిజంగానే రాలేదు.

ఒకరోజు కుండపోత వానలో ఒక లారీ వచ్చింది. దాని మీద రెండు కాయిల్సు. రెండింటిదీ ఒకే మందం, ఒకే వెడల్పు, ఒకే రంగు. ఒకటి జాకీల కోసం గట్టి రకం ఉక్కు, రెండోది ర్యాకుల కోసం మెత్తనిది. కంటితో చూస్తే దేవుడు కూడా తేడా చెప్పలేడు. చెప్పాల్సింది వాటికి కట్టిన కాగితం ట్యాగులు. అవేమో తడిసి పిండి ముద్దల్లా అయ్యాయి. స్టోరు గుమాస్తా లారీ చీటీలో ఏది ముందు రాసి ఉందో అది ముందున్న కాయిల్ అయి ఉంటుందనుకుని కొత్త ట్యాగులు రాసి కట్టేశాడు. అసలు లెక్క తలకిందులని ఎవరికీ తెలియలేదు.

మర్నాడు మిల్లీమీటరు మిషనుకు సాన పట్టిన కొత్త కత్తులు బిగించాడు. మధ్యాహ్నం జాకీల ట్యాగు ఉన్న కాయిల్ ఎక్కించి కోయడం మొదలుపెట్టాడు. మోటారు ఎంత బరువు లాగుతోందో చూపించే ముల్లు ఒకటి ఆయన ఎదురుగా ఉంటుంది. గట్టి ఉక్కు కోసేటప్పుడు అది ఎక్కడ నిలబడాలో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ రోజు రెండు గీతలు కిందకే నిలబడింది. ఆయన ఒక్క క్షణం చూశాడు. కొత్త కత్తులు కదా, తేలిగ్గా తెగుతోంది అనుకున్నాడు. అనుకుని, ముందుకు పోయాడు.

వారం తరువాత అల్లుడి నుంచి ఫోను వచ్చింది.

"మామయ్యగారూ, ఈసారి పట్టీ అదిరిపోయింది. ప్రెస్సు మీద వెన్నలా వంగుతోందంట. మా వాళ్ళు మీకు మరీ మరీ చెప్పమన్నారు."

"నాదేముంది బాబూ, కత్తుల మహిమ" అన్నాడు మిల్లీమీటరు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్యకు కూడా చెప్పుకున్నాడు.

ఇంకో నాలుగు రోజులకు ర్యాకుల కంపెనీ నుంచి మనిషి వచ్చాడు. చేతిలో విరిగిన బ్రాకెట్లు. వంచిన చోటల్లా బీటలు. "మెత్తనిది అడిగితే రాయి పంపారేంటండీ? మా మిషను పళ్ళు రాలిపోయేలా ఉన్నాయి" అని మేనేజరు బల్ల మీద గుమ్మరించాడు.

మిల్లీమీటరు ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. షెడ్డు వెనక్కి వెళ్ళాడు. కోసిన ప్రతి కాయిల్ నుంచీ అరచేయంత ముక్క తీసి, దాని మీద నంబరు రాసి దాచడం ఆయన అలవాటు. జాకీలకు వెళ్ళినదాని ముక్క, ర్యాకులకు వెళ్ళినదాని ముక్క, రెండూ తీశాడు. ఒకదాన్ని వైసు దవడల మధ్య బిగించి సుత్తితో కొట్టాడు. అది మొండికేసింది. నాలుగు దెబ్బలు కొట్టినా సగం వంగి మళ్ళీ లేచింది. అది ర్యాకులది. రెండోదాన్ని బిగించాడు. రెండే దెబ్బలకు మడత పడిపోయింది, అట్టముక్కలాగా.

ఆయన సుత్తి కింద పెట్టి అక్కడే ఉన్న చెక్క పెట్టె మీద కూర్చుండిపోయాడు. కొక్కెం క్రేను మీద నుంచి చూసి, "ఏమైంది మిల్లీమీటరుగారూ, ఒంట్లో బాలేదా?" అని అరిచాడు. ఆయన వైసులోని మడత ముక్కనే చూస్తున్నాడు. ర్యాకులది విరిగిందంటే ర్యాకుల కంపెనీ వచ్చి పోట్లాడింది. మరి జాకీలది? మెత్తగా వంగుతోందని మెచ్చుకుంటున్నారు. మెత్తగా వంగే జాకీ మీద బండి నిలబడుతుంది. దాని కింద చెయ్యి పెట్టే మనిషి ఉంటాడు.

మేనేజరు గది తలుపు వేసి అంతా విన్నాడు.

"కాగితం ఏమంటోంది?"

"కాగితం గట్టిదంటోంది సార్. ఇనుము మెత్తగా ఉంది."

"జాకీల వాళ్ళు ఫిర్యాదు చేశారా?"

"లేదు సార్. బాగుందన్నారు."

"మరి?"

మిల్లీమీటరు ఆ రోజు ముల్లు రెండు గీతలు కిందకు నిలబడ్డ సంగతి కూడా చెప్పేశాడు. మేనేజరు కలం ఆపి తలెత్తాడు. "అది మాత్రం ఎక్కడా అనకు. నేను పైవాళ్ళతో మాట్లాడతా. అందాకా నువ్వు నోరు విప్పొద్దు."

రెండు రోజులు ఎదురుచూశాడు. మేనేజరు కనబడినప్పుడల్లా "మాట్లాడుతున్నా" అనేవాడు. మూడో రోజు భోజనాల వేళ మిల్లీమీటరు షెడ్డు గోడ పక్కకు వెళ్ళి అల్లుడికి ఫోను చేశాడు. జరిగింది మొత్తం చెప్పాడు.

"బాబూ, ఉన్నారా?"

"ఉన్నా మామయ్యగారూ. ఆ పట్టీ అంతా అయిపోయింది. పాత పట్టీతో కలిపి నాలుగు వేల జాకీలు. మూడొంతులు బయటికి వెళ్ళిపోయాయి."

"మీ దగ్గర బరువు పెట్టి చూసే మిషను ఉంది కదా?"

"పాడైంది. రిపేరుకు పంపి నెలవుతోంది. సరుకుతో వచ్చిన సర్టిఫికెట్టు చూసి సంతకం పెట్టమన్నారు." "మీ సరుకు కదా అని పెట్టేశా" అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండుననిపించింది మిల్లీమీటరుకు.

మర్నాడు సాయంత్రం కూతురు వచ్చింది. తల్లి పలకరిస్తున్నా వినిపించుకోకుండా నేరుగా తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆయన నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు నాన్నా. గోడకేసి తిరిగి పడుకున్నాడు. చెబితే సంతకం పెట్టిన వాడిదే తప్పంటారు, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే..." అని ఆగిపోయింది. "మీరు పైవాళ్ళకు చెప్పారుగా? వాళ్ళే చెప్పుకుంటారులే అని ఊరుకోలేకపోయారా?"

"వాళ్ళు చెప్పరమ్మా."

"ఇప్పుడాయన ఏం చేసినా మాకు ముప్పేగా?"

"అవును."

 కాదంటే బిడ్డ నమ్ముతుందా? కూతురు ఏడవలేదు. చెప్పులు కూడా విప్పకుండా కుర్చీ అంచున కాసేపు కూర్చుని, బస్సు వేళైందని లేచి వెళ్ళిపోయింది. తల్లి వాకిట్లో నిలబడి చూసి, లోపలికొచ్చి, "పిల్ల చిక్కిపోయింది" అని మాత్రం అంది.

అల్లుడు చెప్పేశాడు. ఎవరూ అడగకుండానే తన యజమాని దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. గోదాములో మిగిలిన వెయ్యి జాకీలను బయటికి లాగారు. ఇంకో చోటి నుంచి మిషను తెప్పించి బరువు పెట్టి చూశారు. పదింటిలో ఆరు, మోయాల్సిన బరువులో సగానికే మోకాళ్ళు వంచేశాయి. మిగతా నాలుగు పాత పట్టీతో చేసినవో ఏమో, గట్టిగా నిలబడ్డాయి. రెండు పట్టీలూ కలిసిపోయాయి. ఏ జాకీ దేనితో చేసిందో జాకీ మీద ఎక్కడా రాసి లేదు.

బయటికి వెళ్ళినవి మూడు వేలు. చిన్న సరుకు వ్యానుల్లో సీటు కింద పెట్టి అమ్మే జాకీలవి. వ్యాన్ల కంపెనీ కొన్నవాళ్ళందరికీ ఉత్తరాలు రాసింది, జాకీ తెచ్చి ఇచ్చి కొత్తది పట్టుకుపొమ్మని. మూడు నెలల్లో ఆరువందల నలభై వెనక్కి వచ్చాయి. మిగతావాళ్ళు ఉత్తరం చదవలేదో, ఇల్లు మారారో, బండి అమ్మేశారో, లేకపోతే "జాకీ కోసం ఇంత దూరం ఎవడు పోతాడు" అనుకున్నారో. ఎవరికి తెలుసు?

అల్లుడి చేత రాజీనామా రాయించుకున్నారు. ఊరికి ఆ చివర అట్టపెట్టెలు చేసే చోట పని దొరికింది. స్టోరు గుమాస్తాను వేరే షెడ్డుకు మార్చారు. మిల్లీమీటరును మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆయన అదే మిషను మీద, అదే ముల్లు ఎదురుగా నిలబడి కోస్తూనే ఉన్నాడు. కొత్త నియమం ఒకటి వచ్చింది: ప్రతి కాయిల్ నుంచీ, కోయడం మొదలుపెట్టకముందే, ఒక ముక్క తీసి వంచి చూడాలి. ఆయన ఒక్కొక్కటి రెండుసార్లు వంచి చూసేవాడు. పని నెమ్మదించిందని మేనేజరు గొణిగేవాడు.

చలికాలం మొదట్లో దూరపు ఊరి నుంచి ఒక వార్త వచ్చింది. వ్యాను జాకీ మీద నుంచి జారి ఒక డ్రైవరు చెయ్యి నలిగిందట. జాకీ ఏమైందో ఎవరికీ తెలియదు, ఆ గడబిడలో ఎవరో పారేశారు. నేల మెత్తగా ఉండి జారిందని కంపెనీ లాయరు అన్నాడట. అయి ఉండొచ్చు కూడా. పాత స్నేహితుల ద్వారా విన్న అల్లుడు మామకు చెప్పాడు.

"ఏ చెయ్యి?" అన్నాడు మిల్లీమీటరు.

"అది తెలియలేదండీ."

ఆ తరువాత చాలా రోజులు ఆయన అన్నం కలుపుకునేటప్పుడు ఆగిపోయేవాడు. భార్య చూసీ చూడనట్టు ఉండేది.

ఒక సెలవు రోజు పొద్దున కూతురి ఇంటికి వెళ్తూ బస్సు దిగి నడుస్తుంటే, రోడ్డు పక్కన అదే రకం వ్యాను ఒరిగి కనిపించింది. వెనక చక్రం పంచరు. బండి నిండా సామాను, పరుపులు, కుర్చీలు, ఒక అద్దం. డ్రైవరు అప్పటికే జాకీతో బండి ఎత్తి, చక్రం ఊడదీసి, కిందికి చెయ్యి పెడుతున్నాడు. భార్య కాబోలు, గట్టు మీద కూర్చుని అద్దానికి కట్టిన తాడు సరిచూస్తోంది.

మిల్లీమీటరు పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన పరుగెత్తడం చూసి ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"చెయ్యి తియ్యి బాబూ! కింద నుంచి చెయ్యి తియ్యి!"

"ఏంటి పెద్దాయనా, ఏమైంది?"

"ఆ జాకీ మంచిది కాకపోవచ్చు. ఉత్తరం రాలేదా నీకు?"

"ఈ బండి నేను ఇంకొకరి దగ్గర కొన్నా. ఉత్తరమేంటి?" డ్రైవరు జాకీ వైపు చూశాడు. అది నిటారుగా నిలబడి ఉంది. "బాగానే ఉందిగా?"

మిల్లీమీటరు నేల మీద మోకాళ్ళు ఆనించి చూశాడు. పెయింటు వేసిన నాలుగు చేతులు, మధ్యలో మర. అంచులు నున్నగా ఉన్నాయి. ఆ అంచులు కోసింది ఆయనే. లోపల ఉన్నది ఏ ఉక్కో మాత్రం కనుక్కోలేకపోయాడు. ఊడదీసిన చక్రాన్ని దొర్లించి బండి చట్రం కిందికి తోశాడు. జారినా దాని మీద ఆగుతుంది.

"ఇప్పుడు బిగించు" అన్నాడు. డ్రైవరు భార్యకేసి చూసి నవ్వాపుకుని స్టెప్నీ బిగించాడు. ఏమీ జరగలేదు. బండి దిగింది, జాకీ ముడుచుకుంది.

"ఆ జాకీ నాకివ్వు బాబూ. కొత్తది ఇచ్చే చోటు రాసిస్తా."

"భలేవారే. ఇది మీకిచ్చి దారిలో ఇంకో పంచరు పడితే నేనేం చెయ్యను, బండిని భుజం మీద ఎత్తుకోనా? సాయంత్రానికల్లా సామాను దింపాలి."

అదీ నిజమే. ఆయన దగ్గర ఇవ్వడానికి వేరే జాకీ లేదు. జేబులోని బస్సు టిక్కెట్టు వెనక చిరునామా రాసి ఇచ్చాడు. "తప్పకుండా వెళ్ళు. చక్రం కింద పెట్టకుండా మాత్రం ఎప్పుడూ చెయ్యి పెట్టకు." డ్రైవరు తలూపి, టిక్కెట్టును స్టీరింగు దగ్గరి గూట్లో పడేసి, జాకీని సీటు కింద విసిరి బండి నడిపాడు.

కూతురి ఇంటికి చేరేసరికి ఆలస్యమైంది. అల్లుడు వాకిట్లోనే ఉన్నాడు. మామ మోకాళ్ళ మీది మట్టి చూశాడు. మిల్లీమీటరు జరిగింది చెప్పాడు.

"నిలబడిందా?" అన్నాడు అల్లుడు.

"నిలబడింది."

"అయితే మనది కాదేమో మామయ్యగారూ."

"ఏమో బాబూ. బండి నిండా సామానుంది. మళ్ళీ ఎప్పుడు ఎత్తుతాడో."

అల్లుడు కుర్చీ లాగి మామకు వేసి, తను మెట్టు మీద కూర్చున్నాడు. లోపల నుంచి కూతురు రెండుసార్లు పిలిచింది. ఇద్దరూ లేవలేదు.